అక్వేరియం కప్ప: ముందు నీళ్లు, తర్వాతే కప్ప

ఈ ఎపిసోడ్ వీడియోలో మాట్లాడింది మాట్లాడినట్టే ఇక్కడ పెడుతున్నాను. స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్ల కోసం అంకెలన్నీ చివర్లో ఒకచోట ఉన్నాయి. తొందరలో ఉంటే అక్కడికి వెళ్లిపోండి. కానీ కప్ప కొనే ఆలోచన ఉంటే మాత్రం మొత్తం చదవండి ప్లీజ్.

ఈమధ్య అక్వేరియం షాపుకి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. బొటనవేలంత కప్ప, గ్లాస్ బౌల్‌లో నాలుగు రంగురాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క. కప్ప చేతులు చాపి నీళ్లలో తేలుతూ ఉంటుంది. ఎవరికైనా ముచ్చటేస్తుంది. "ఏం మెయింటెనెన్స్ ఉండదు, వారానికోసారి నీళ్లు మారిస్తే చాలు" అని చెప్పి ఇచ్చేస్తారు. కొన్నవాళ్లు టేబుల్ మీద పెట్టుకుని రీల్ కూడా చేస్తారు. మూడు నాలుగు వారాలకి కప్ప పోతుంది. షాపులో అడిగితే "వాటి లైఫే అంత" అంటారు.

వాటి లైఫ్ అంత కాదండీ. ఆ చిన్న కప్ప బాగా చూసుకుంటే ఐదేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా బతుకుతుంది. దాని చుట్టం పెద్ద కప్ప ఒకటుంది, అది 15 ఏళ్లు దాటి బతుకుతుంది. అంటే ఇంటర్‌లో కొంటే మీ పెళ్లయ్యాక కూడా ఉంటుంది. మరి మూడు వారాల్లో ఎందుకు పోతోంది? చాలాసార్లు రోగం వల్ల కాదు, ఆకలి వల్ల కాదు. నీళ్ల వల్ల. చూడ్డానికి అద్దంలా ఉన్న నీళ్ల వల్ల. ఇవాళ మనం మాట్లాడుకునేది అదే.

మీ దగ్గరున్నది ఏ కప్ప?

మన చెరువుల్లో, పొలాల్లో ఉండే కప్పల గురించి కాదు నేను చెప్పేది. వాటిని పట్టుకొచ్చి ట్యాంకులో పెట్టకండి. అవి నీళ్లలోనే బతికే రకం కాదు, పైగా కొన్నిటికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. అక్వేరియంలో పెంచేవి ఆఫ్రికా నుంచి వచ్చిన రెండు రకాలు. రెండూ జీవితమంతా నీళ్లలోనే ఉంటాయి. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి కాబట్టి అప్పుడప్పుడు పైకొచ్చి ఒక గుక్క గాలి తీసుకుని మళ్లీ కిందకి వెళ్లిపోతాయి. రెండిటికీ నాలుక ఉండదు.

మొదటిది ఆఫ్రికన్ డ్వార్ఫ్ ఫ్రాగ్. శాస్త్రీయంగా హైమెనోకైరస్ అంటారు. కాంగో ప్రాంతపు అడవుల్లో, నెమ్మదిగా కదిలే లోతు తక్కువ నీళ్లలో ఉంటుంది. పెద్దదైనా 3 నుంచి 4 సెంటీమీటర్లే.

రెండోది ఆఫ్రికన్ క్లాడ్ ఫ్రాగ్, అంటే గోళ్ల కప్ప. జెనోపస్ లేవిస్ దీని పేరు. దక్షిణాఫ్రికా వైపుది. ఆడకప్ప 10 సెంటీమీటర్లు దాటి మీ అరచెయ్యంత అవుతుంది. వెనక కాళ్లకి మూడేసి వేళ్ల చివర నల్లటి గోళ్లు ఉంటాయి.

దీనికి చిన్న హిస్టరీ కూడా ఉంది. 1930ల నుంచి కొన్ని దశాబ్దాలపాటు ఈ కప్పే ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్. నిజంగానే! మహిళ మూత్రం నుంచి తీసింది ఆడకప్పకి ఇంజెక్ట్ చేసేవాళ్లు. గర్భం ఉంటే కప్ప కొన్ని గంటల్లో గుడ్లు పెట్టేది. అలా ప్రపంచంలో చాలా ల్యాబులకి ఇది చేరింది. జాన్ గర్డన్ అనే సైంటిస్ట్ ఈ కప్ప కణాలతోనే క్లోనింగ్ ప్రయోగాలు చేశారు, 2012లో నోబెల్ వచ్చింది. ఆ ల్యాబుల నుంచి పెట్ షాపుల దాకా వచ్చింది.

ఇక్కడ ప్రాక్టికల్ సమస్య ఏంటంటే, పిల్ల గోళ్ల కప్పని డ్వార్ఫ్ అని అమ్మేస్తుంటారు. గుర్తుపట్టడం సింపుల్. ముందు చేతులు చూడండి. వేళ్ల మధ్య బాతు కాలికున్నట్టు పొర ఉంటే డ్వార్ఫ్. పొర లేకుండా వేళ్లు విడివిడిగా ఉంటే గోళ్ల కప్ప. తెల్లగా, గులాబీ రంగులో, ఎర్రటి కళ్లతో ఉంటే దాదాపు గోళ్ల కప్పే అనుకోండి. "అన్నా, ఒకసారి ముందు చేతులు చూపించవా" అని అడగండి. తప్పేం లేదు. ఎందుకంటే ఈ రెండిటికీ ట్యాంక్ సైజు వేరు, నీళ్ల వేడి వేరు. రెండిటినీ కలిపి పెడితే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది.

చర్మంతో తాగే జంతువు

చేపకి ఒంటి మీద పొలుసులుంటాయి. మనకి మందపాటి చర్మం. కప్పకి ఆ రక్షణ లేదు. దాని చర్మం చాలా పల్చన. నీళ్లు ఆ చర్మంలోంచే లోపలికి వెళ్తాయి. ఆక్సిజన్ కొంత అందులోంచే. ఒంట్లో ఉండాల్సిన సోడియం, పొటాషియం లాంటి లవణాల లెక్క చూసుకునేది కూడా చర్మమే.

ఇది ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ. కైట్రిడ్ అనే ఫంగస్ ప్రపంచవ్యాప్తంగా కప్పల్ని చంపుతోంది. అది గుండె లోపలికి వెళ్లదు, చర్మం మీదే పెరుగుతుంది. చర్మం పని పాడవగానే రక్తంలో లవణాలు పడిపోతాయి, చివరికి గుండె ఆగిపోతుంది. చర్మం దెబ్బతింటే కప్ప పోయినట్టే.

ఇప్పుడు ఆలోచించండి. నీళ్లలో ఏది కలిస్తే అది కప్ప ఒంట్లో కలిసినట్టే. క్లోరిన్ కావచ్చు, మీ చేతికున్న శానిటైజర్ కావచ్చు, దాని సొంత మలమూత్రాలు కావచ్చు. చివరిదే అసలు విలన్.

కనపడని విషం: అమ్మోనియా

కప్ప తింటుంది, విసర్జిస్తుంది. తినకుండా మిగిలిన తిండి కుళ్లుతుంది. వీటన్నిటి నుంచి నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. దీనికి రంగు లేదు. కప్పని ఇబ్బంది పెట్టే మోతాదులో మన ముక్కుకి వాసన కూడా తెలీదు. నీళ్లు మెరుస్తూనే ఉంటాయి, లోపల కప్ప చర్మం మాత్రం మండుతూ ఉంటుంది.

ప్రకృతిలో దీనికి సొల్యూషన్ ఉంది. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అది కూడా విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ చాలా తక్కువ ప్రమాదం, మనం నీళ్లు మార్చినప్పుడు బయటికి పోతుంది. దీన్నే నైట్రోజన్ సైకిల్ అంటారు. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు. ఫిల్టర్ స్పాంజ్, ఇసుక, గాజు, ఇలా ఏదో ఒకదాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఫిల్టర్ అంటే చెత్త పట్టే జాలి అనుకుంటాం గానీ, నిజానికి అది ఈ బ్యాక్టీరియా కాపురం ఉండే ఇల్లు.

కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా ఉండదు. అది తయారవడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. కప్పలు ఎక్కువగా ఏ టైంలో పోతున్నాయి? మొదటి నెలలో. లెక్క సరిపోయింది కదా.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. టెస్టింగ్ అవ్వని బిల్డ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో పెట్టి ఇంటికెళ్లిపోతే ఏమవుద్దో, నీళ్లు తయారవ్వని ట్యాంకులో కప్పని వదిలితే అదే అవుద్ది.

కాబట్టి ముందు ఖాళీ ట్యాంక్ నడపండి. నీళ్లు పోసి, ఫిల్టర్ ఆన్ చేసి, రోజూ చిటికెడు చేపల తిండి వేయండి. అది కుళ్లి అమ్మోనియా వస్తుంది, దాన్ని తినడానికి బ్యాక్టీరియా పెరుగుతుంది. లిక్విడ్ టెస్ట్ కిట్‌తో రెండు మూడు రోజులకోసారి చూడండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్, ఆఖర్లో నైట్రేట్. తిండి వేస్తున్నా అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం కనపడుతోంది అంటే ట్యాంక్ రెడీ. అప్పుడు ఒకసారి సగం దాకా నీళ్లు మార్చి, కప్పని తెచ్చుకోండి.

షార్ట్‌కట్ ఒకటుంది. మీ ఫ్రెండ్ దగ్గర ఎప్పట్నుంచో బాగా నడుస్తున్న అక్వేరియం ఉంటే, రోగాలేమీ లేవని తెలిస్తే, ఆ ఫిల్టర్ స్పాంజ్‌లో ఒక ముక్క తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. వారాలు ఆదా అవుతాయి. అయినా టెస్ట్ చేసి చూసుకున్నాకే కప్ప.

ఇంకో పాయింట్. అమ్మోనియా అంతా ఒకే రకం విషం కాదు. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అది ఎక్కువ విషంగా మారుతుంది. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే, ఉన్న అమ్మోనియాలో బాగా విషమైన రూపం 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అది 5 శాతం దాటుతుంది. దాదాపు పది రెట్లు. మన బోరు నీళ్ల పీహెచ్ చాలాచోట్ల 8కి దగ్గర్లో ఉంటుంది. ఎండాకాలం నీళ్ల వేడి సంగతి చెప్పక్కర్లేదు. అందుకే చల్లటి దేశాల యూట్యూబర్ "కొంచెం అమ్మోనియా ఉన్నా పర్లేదు" అంటే మనం నమ్మేయకూడదు.

మన ఇంటి నీళ్లు

నల్లా నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. క్లోరిన్ పని క్రిముల్ని చంపడం. కప్ప చర్మాన్ని కాలుస్తుంది, ఫిల్టర్‌లో పెంచుకున్న బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. షాపుల్లో యాంటీ క్లోరిన్ అని చుక్కల మందు దొరుకుతుంది, సీసా మీద రాసిన కొలత ప్రకారం వేయండి. లేదా బకెట్‌లో పట్టి, ఎయిర్ స్టోన్ పెట్టి 24 గంటలు వదిలేస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది. కొన్నిచోట్ల క్లోరిన్ బదులు క్లోరమైన్ వాడతారు. అది ఊరికే నిలవబెడితే పోదు, దానికి కూడా పనిచేస్తుందని రాసి ఉన్న మందే కావాలి.

బోరు నీళ్లలో మామూలుగా క్లోరిన్ ఉండదు. కానీ ఉప్పులు ఎక్కువ, పీహెచ్ ఎక్కువ, కొన్నిచోట్ల నైట్రేట్ ముందే ఉంటుంది. మన తాగునీటి ప్రమాణంలో నైట్రేట్ హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాములు. పొలాల పక్కన, డ్రైనేజీ పక్కన ఉండే బోర్లలో అది దాటిపోవచ్చు. అలాంటి నీళ్లతో ఎన్నిసార్లు మార్చినా ట్యాంకులో నైట్రేట్ తగ్గదు. అందుకే ట్యాంక్ నీళ్లకంటే ముందు మీ బోరు నీళ్లనే ఒకసారి టెస్ట్ చేయండి. బోరు నుంచి అప్పుడే వచ్చిన నీళ్లని ఒక రోజు గాలి తగిలేలా ఉంచి, ఆ తర్వాత పీహెచ్ చూడండి. ముందు చూసిన అంకె మారిపోవచ్చు.

"ఆర్వో నీళ్లు పోస్తే అయిపోద్దిగా" అంటారు. ఒట్టి ఆర్వో నీళ్లు వద్దు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ కూడా నిలకడగా ఉండదు. బోరు నీళ్లు మరీ గట్టిగా ఉంటే కొంత ఆర్వో కలపండి. ఏ పాళ్లలో కలిపారో రాసిపెట్టుకుని ప్రతిసారీ అదే పాటించండి. పీహెచ్ 6.5 నుంచి 7.8 మధ్య ఉంటే ఈ కప్పలకి హాయి. అది రోజుకోలా మారకుండా ఉండటం ఇంకా ముఖ్యం. 7.8 ఉందని మందులు పోసి 7కి దించి, మర్నాడు మళ్లీ పెరిగి, మళ్లీ దించి, ఈ ఆట మాత్రం వద్దు.

మే నెల పరీక్ష

డ్వార్ఫ్ కప్పకి 24 నుంచి 27 డిగ్రీలు కావాలి. గోళ్ల కప్పకి 18 నుంచి 22, మహా అయితే 24. మన ఇళ్లలో మే నెలలో ఫ్యాన్ కింద పెట్టిన బకెట్ నీళ్లే 30 దాటుతాయి. పైన ట్యాంక్ నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లకైతే చెయ్యి పెట్టలేం.

ఓపెన్‌గా చెప్పేస్తాను. ఏసీ రూమ్ లేకపోతే, రోజంతా వేసే పరిస్థితి లేకపోతే, మన ఊళ్లలో గోళ్ల కప్ప కొనకండి. అది 15 ఏళ్ల బాధ్యత, అంటే 15 ఎండాకాలాలు. డ్వార్ఫ్ అయితే కొంచెం ప్లాన్ చేసుకుని నెట్టుకురావచ్చు.

ఆ ప్లాన్ ఇదీ. ట్యాంక్‌ని కిటికీ పక్కన, పడమటి గోడకి ఆనించి పెట్టకండి. నీళ్ల మీదకి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే, నీళ్లు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. ఫ్యాన్ పెట్టాలంటే గట్టి మూత తీసి జాలీ మూత వేయండి. హైదరాబాద్ లాంటి పొడి వేడిలో ఇది బాగా పనిచేస్తుంది. విజయవాడ, వైజాగ్ ఉక్కపోతలో అంతగా పనిచేయదు. ఆవిరైన నీళ్ల బదులు ఆర్వో నీళ్లు పోయండి. ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు ట్యాంకులోనే మిగిలిపోతాయి. ఐస్ ముక్కలు గబగబా వేసేయకండి, ఒక్కసారిగా వేడి మారితే అది ఇంకో దెబ్బ. నీళ్లు మార్చే బకెట్‌ని ముందురోజు రాత్రే పట్టి అదే రూమ్‌లో పెడితే, క్లోరిన్ పోతుంది, వేడి కూడా సమానమవుతుంది.

చలికాలం రివర్స్. డిసెంబర్‌లో రాత్రుళ్లు రూమ్ 20కి దిగితే డ్వార్ఫ్ మందకొడిగా అయిపోయి తిండి మానేస్తుంది. దానికి థర్మోస్టాట్ ఉన్న చిన్న హీటర్, చుట్టూ గార్డ్‌తో పెట్టండి. ఏ కాలమైనా ఒక థర్మామీటర్ మాత్రం ట్యాంకులో ఉండాల్సిందే.

ట్యాంక్ ఎలా ఉండాలి

బౌల్ వద్దు. రెండు డ్వార్ఫ్ కప్పలకి కనీసం 20 లీటర్లు, 40 ఉంటే ఇంకా నయం. తక్కువ నీళ్లలో అమ్మోనియా గబుక్కున పెరుగుతుంది, వేడి కూడా గబుక్కున మారుతుంది. ఎక్కువ నీళ్లుంటే మీ చిన్నచిన్న మర్చిపోవడాల్ని అవి సర్దుకుంటాయి. గోళ్ల కప్పకి ఒక్కొక్కదానికి 40 లీటర్లు కనీసం.

డ్వార్ఫ్‌కి లోతు 30 సెంటీమీటర్లు మించనివ్వకండి. ప్రతి గుక్క గాలికీ అది అడుగు నుంచి పైదాకా ఈదాలి. లోతు ఎక్కువైతే అలసిపోతుంది. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉన్న ట్యాంక్ తీసుకోండి. నీళ్లకీ మూతకీ మధ్య కొంచెం ఖాళీ వదలండి, గాలి పీల్చేది అక్కడే. మూత మాత్రం కచ్చితంగా ఉండాలి. ఇవి దూకుతాయి. బయటపడితే కొన్ని గంటల్లో ఎండిపోయి సోఫా కింద దొరుకుతాయి.

అడుగున రంగురంగుల చిన్న గులకరాళ్లు వద్దు. ఈ కప్పలు తిండితోపాటు నోటికి అందింది మింగేస్తాయి, రాయి కడుపులో ఇరుక్కుంటే అంతే. సన్నటి ఇసుక వేయండి, లేదా తల కంటే పెద్దగా ఉన్న గుండ్రాళ్లు. ఏమీ వేయకపోయినా పర్లేదు. దాక్కోవడానికి చిన్న మట్టికుండ ముక్క, నునుపైన అంచులున్నది, రెండు మొక్కలు చాలు. ఇరుక్కుపోయే సందులు ఉండకూడదు. గాలికోసం పైకి రాలేకపోతే నీళ్లలో బతికే కప్ప కూడా నీళ్లలో మునిగే చచ్చిపోతుంది.

ఫిల్టర్ అంటే స్పాంజ్ ఫిల్టర్ బెస్ట్. ఇవి నిలకడ నీళ్ల జీవులు. గోళ్ల కప్ప ఒంటి పక్కన కుట్లు వేసినట్టు గీతలు కనిపిస్తాయి, చూడండి. నీళ్లలో కదలికని పసిగట్టే అవయవాలు అవి. గట్టిగా తోసే ఫిల్టర్ పెడితే దానికి రోజంతా డీజే పక్కన పడుకున్నట్టే.

దోమల మందు: మన ఇళ్లలో అసలు ప్రమాదం

ఇది విదేశీ వీడియోల్లో పెద్దగా వినపడదు. మన ఇళ్లలో సాయంత్రం ఆరవగానే దోమల మెషిన్ ఆన్, లేదా కాయిల్, లేదా స్ప్రే. వీటిలో ఎక్కువగా వాడేది పైరెథ్రాయిడ్ జాతి రసాయనాలు. మనకి తక్కువ ప్రమాదం గానీ, నీళ్లలో బతికే జీవులకి చాలా విషం. ఇప్పుడు మీ ఎయిర్ పంప్ ఏం చేస్తోంది? రూమ్‌లో గాలి పీల్చి నేరుగా ట్యాంక్ నీళ్లలోకి పంపుతోంది. అంటే దోమల మందుని మీరే పైపు వేసి కప్పకి పంపిస్తున్నారు.

ట్యాంక్ ఉన్న రూమ్‌లో దోమతెర, కిటికీలకి జాలీ వాడండి. పురుగుల మందు కొట్టించే రోజు ట్యాంక్‌ని వేరే రూమ్‌కి మార్చండి. అదే లెక్కన రూమ్ స్ప్రే, పెర్ఫ్యూమ్, ఫ్లోర్ క్లీనర్ అన్నీ ట్యాంక్‌కి దూరం. ట్యాంకులో చెయ్యి పెట్టేముందు సబ్బు నురగ అంతా పోయేలా ఒట్టి నీళ్లతో బాగా కడుక్కోండి. ఈ బకెట్, మగ్గు వేరే పనికి వాడొద్దు. సర్ఫ్ కలిపిన బకెట్ అయితే అసలే వద్దు.

తిండి, వారం పని

డ్వార్ఫ్‌కి చూపు అంతంతమాత్రం. తిండి ముందు పెట్టినా వెతుక్కుంటుంది. చేపలతో కలిపి పెడితే చేపలు మొత్తం లాగించేస్తాయి, కప్ప మెల్లిగా చిక్కిపోతుంది. ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్, బ్రైన్ ష్రిమ్ప్ కరిగించి, పట్టకారుతో ముక్కు ముందుకి అందించండి. పెద్ద కప్పకి రోజు విడిచి రోజు చాలు. గోళ్ల కప్పకి వారానికి రెండు మూడుసార్లు వానపాములు, మునిగే పెల్లెట్లు. మందు కొట్టని నేలలో వానపాములే తెండి. పది పదిహేను నిమిషాల్లో తినకపోతే మిగిలింది తీసేయండి. అది అక్కడే ఉంటే రేపటికి అమ్మోనియా.

వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. మొత్తం పారబోసి, ట్యాంక్ సర్ఫ్‌తో తోమి, కొత్త నీళ్లు నింపడం మనవాళ్లకి అలవాటు. శుభ్రం అనిపిస్తుంది గానీ, నెలరోజులు పెంచుకున్న బ్యాక్టీరియా మొత్తం పోతుంది. మళ్లీ మొదటి రోజే. స్పాంజ్‌ని నల్లా కింద పెట్టకండి. ట్యాంక్ నుంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. ఆ నీళ్లు కుండీ మొక్కలకి పోస్తే బాగా పెరుగుతాయి.

కరెంట్ పోతే ఎయిర్ పంప్ ఆగుతుంది. కప్ప పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి చేపల్లా వెంటనే పోదు. కానీ ఫిల్టర్‌లో బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి. చాలా గంటలు పోయే ఏరియా అయితే బ్యాటరీతో నడిచే పంప్ ఒకటి ఉంచుకోండి, ఆ రోజు తిండి పెట్టకండి.

ఒంట్లో బాలేదని ఎలా తెలుస్తుంది?

ముందు కంగారుపడక్కర్లేని విషయం. కొన్ని వారాలకోసారి కప్ప పల్చటి తెల్లపొర విడుస్తుంది, చాలాసార్లు దాన్నే తినేస్తుంది. అది మామూలే. రాత్రిపూట ట్యాంక్ నుంచి ఫోన్ వైబ్రేషన్ లాంటి చప్పుడు వస్తే, మగ కప్ప ఆడ కప్పని పిలుస్తోందని అర్థం. మంచి సంకేతమే.

కంగారుపడాల్సినవి ఇవి. ఒళ్లు బెలూన్‌లా ఉబ్బడం. తొడల లోపల, పొట్ట కింద ఎర్రగా అవడం, దీన్ని రెడ్ లెగ్ అంటారు, బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఒంటి మీద దూదిలా తెల్లగా పెరగడం, అది ఫంగస్. చర్మం ఆగకుండా ఊడుతూనే ఉండటం. రెండు మూడుసార్లు వరసగా తిండి ముట్టకపోవడం. ఎప్పుడూ నీటి పైనే వేలాడుతూ కిందకి దిగకపోవడం.

ఏది కనపడినా మొదటి పని మందు కొనడం కాదు, నీళ్లు టెస్ట్ చేయడం. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, వేడి. తేడా ఉంటే క్లోరిన్ తీసిన, అదే వేడి ఉన్న నీళ్లతో నాలుగో వంతు మార్చండి, అవసరమైతే మర్నాడు మళ్లీ. రోగమున్న కప్పని వేరే డబ్బాలో పెట్టండి. చేపలకి వాడే మందులు, ముఖ్యంగా రాగి ఉన్నవి, కప్పకి వేయొద్దు. చేప తట్టుకునే డోసు కప్ప చర్మం తట్టుకోదు. ఉబ్బు, రెడ్ లెగ్ అయితే ఆలస్యం చేయకుండా, ఇలాంటి జంతువుల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టెస్ట్ రిజల్ట్స్ ఫోన్‌లో ఫోటో తీసుకెళ్తే డాక్టర్ పని సగం తగ్గుతుంది. కొత్త కప్పని కనీసం నెలరోజులు విడిగా ఉంచాకే పాతవాటితో కలపండి. గోళ్ల కప్పలు పైకి ఏ లక్షణం లేకుండానే కైట్రిడ్ మోస్తుంటాయి.

ఇంట్లో చిన్నపిల్లలు, బయట చెరువులు

కప్ప ఎంత ఆరోగ్యంగా ఉన్నా దాని ఒంటి మీద, నీళ్లలో సాల్మొనెల్లా ఉండొచ్చు. అమెరికాలో 2008 నుంచి 2011 మధ్య ఈ డ్వార్ఫ్ కప్పల వల్ల 44 రాష్ట్రాల్లో 370 మందికి పైగా జబ్బుపడ్డారు, అందులో ఎక్కువమంది చిన్నపిల్లలు. భయపడాల్సిన పనిలేదు, పద్ధతిగా ఉంటే చాలు. ట్యాంక్ సామాను వంటింటి సింక్‌లో కడగొద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఐదేళ్లలోపు పిల్లల్ని ట్యాంకులో చెయ్యి పెట్టనివ్వొద్దు. అలాంటి పిల్లలున్న ఇంటికి రిటర్న్ గిఫ్ట్‌గా కప్ప బౌల్ ఇవ్వడం అసలే వద్దు.

ఇంకొకటి. చూసుకోలేకపోతే "పాపం, స్వేచ్ఛగా బతుకుతుందిలే" అని చెరువులో వదిలేయకండి. గోళ్ల కప్ప కాలిఫోర్నియాలో, చిలీలో, ఫ్రాన్స్‌లో ఇలాగే బయటపడి అక్కడి జీవుల్ని తినేస్తూ పాతుకుపోయింది. బయటి జీవి మన నీళ్లలో పడితే ఏమవుతుందో మనకి తెలుసు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లో నిషేధించింది, ఇప్పటికీ దాని గొడవ పోలేదు. వద్దనుకుంటే షాపుకి తిరిగి ఇవ్వండి, లేదా పెంచడం తెలిసినవాళ్లకి ఇవ్వండి.

స్క్రీన్‌షాట్ కోసం

అమ్మోనియా: 0. నైట్రైట్: 0.
నైట్రేట్: లీటరుకి 20 మిల్లీగ్రాముల లోపు మంచిది, 40 దాటనివ్వొద్దు.
పీహెచ్: 6.5 నుంచి 7.8, నిలకడగా.
వేడి: డ్వార్ఫ్‌కి 24 నుంచి 27 డిగ్రీలు, గోళ్ల కప్పకి 18 నుంచి 22.
ట్యాంక్: రెండు డ్వార్ఫ్‌లకి కనీసం 20 లీటర్లు, ఒక్క గోళ్ల కప్పకి కనీసం 40.
నీళ్లు: వారానికి నాలుగో వంతు, క్లోరిన్ తీసి, అదే వేడిలో.
కప్ప రావడానికి ముందు: 4 నుంచి 6 వారాలు ఖాళీ ట్యాంక్.

ఆ నాలుగు వారాలే చాలామందికి కష్టం. ఇవాళ ఆర్డర్ చేస్తే రేపు ఇంటికొచ్చే కాలంలో ఉన్నాం, ఖాళీ నీళ్లని నెలరోజులు చూస్తూ కూర్చోవడం బోర్ కొడుతుంది, నిజమే. కానీ ఆ నెల మీకు కూడా టెస్టే. వారానికోసారి నీళ్లు మార్చడం, టెస్ట్ చేయడం, రాసిపెట్టుకోవడం కప్ప లేకుండానే విసుగొస్తే, కప్ప వచ్చాక కూడా విసుగొస్తుంది. అప్పుడు హాయిగా మానేయొచ్చు, ఏ ప్రాణం పోదు. విసుగు రాకపోతే వెళ్లి రెండు కప్పలు తెచ్చుకోండి. అవి ఐదేళ్లు మీ టేబుల్ మీద రాత్రుళ్లు వైబ్రేట్ అవుతూనే ఉంటాయి.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఇప్పటికే బౌల్‌లో కప్ప పెట్టి ఉంటే, ఇది వాళ్లకి పంపండి. ఇవాళే పెద్ద ట్యాంక్ కొనలేకపోయినా, పెద్ద ప్లాస్టిక్ టబ్బు, మీద జాలీ మూత, ఒక స్పాంజ్ ఫిల్టర్, యాంటీ క్లోరిన్ సీసా, ఇవి సాయంత్రానికల్లా దొరుకుతాయి. కప్ప ముందే వచ్చేసింది కాబట్టి, ఆ బ్యాక్టీరియా తయారయ్యేదాకా రోజూ టెస్ట్ చేస్తూ, అమ్మోనియా కనపడినప్పుడల్లా కొంచెం కొంచెం నీళ్లు మారుస్తూ ఉండమనండి. సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.